కాయిల్‌కు అటెస్టేషన్

సదాశివరావుగారు దేశ రాజధానిలోని సరోజినీ నగర్‌లో ఉండే గెజిటెడ్ ఆఫీసరు. ఎవరి సర్టిఫికెట్ల నకళ్ల మీద వాళ్లే సంతకం చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పి ఏళ్లయినా, కటవారియా సరాయ్‌లో పరీక్షలకు చదివే తెలుగు పిల్లలు ఆయన పచ్చసిరా సంతకం కోసం వస్తూనే ఉంటారు. అసలు కాగితం చూడనిదే ఆయన పెన్ను మూత తీయరు. ఒకమ్మాయి తాను కవలల్లో ఒకతెనని రాసుకొస్తే, రెండో ఆమెను కూడా తీసుకురమ్మన్నారు.

ఒక ఆదివారం పొద్దున ఆయన కారు స్టార్టు కాలేదు. కింద వాటా కోదండరామయ్యగారు సైన్యంలో బళ్లు బాగుచేసి రిటైరైన సుబేదారు. ఆయన బానెట్ ఎత్తి చూసి, కాయిల్ చచ్చిపోయిందనీ, ప్లగ్గుకు నిప్పురవ్వ అందడం లేదనీ తేల్చారు. వెళ్లి కొత్త కాయిల్ తెచ్చి బిగించారు. బ్యాటరీ పన్నెండు వోల్టులే ఇచ్చినా ఇది ఇరవై వేలు చేస్తుందని చెప్పారు.

సదాశివరావుగారికి మింగుడు పడలేదు. మిగతా వోల్టులు ఎక్కడివని నిలదీశారు.

“లోపల రెండు తీగచుట్టలుంటాయండి. లావు తీగ వందల చుట్లు, సన్నతీగ వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుతుంటే అయస్కాంతం పుడుతుంది. కరెంటు టక్కున ఆపేస్తే ఆ అయస్కాంతం కూలిపోయి, సన్నతీగలో వోల్టులు ఎగదన్నుతాయి. అవే ప్లగ్గు సందు దూకి నిప్పవుతాయి.”

“ఆపితే వస్తుందా? మా ఆఫీసులో ఆపింది ఏదీ మళ్లీ రాలేదే.”

సుబేదారు ప్లగ్గు ఊడదీసి, ఇంజనుకు ఆనించి నీలిరవ్వ చూపించారు. రవ్వ సరే, దాని మీద ఇరవై వేలని ఎక్కడుందన్నారు సదాశివరావుగారు. వద్దంటున్నా వినకుండా ప్లగ్గు తీగ కొస పట్టుకుని, తాళం తిప్పమని కారులో కూర్చున్న భార్య మాణిక్యాంబకు సైగ చేశారు.

మరుక్షణం ఆయన ఎగిరిపడి, రోడ్డు పక్క ఆగిన బొప్పాయిల బండిలో కూర్చుని ఉన్నారు. బండివాడు రెండు కాయలు పక్కకు జరిపి చోటిచ్చాడు.

“ఒరిజినల్ చూశాను” అన్నారాయన. స్టాంపు తెప్పించి, కాయిల్ మీద వేసి సంతకం చేశారు. సుబేదారు ప్లగ్గు మళ్లీ బిగించి సెల్యూట్ కొట్టారు.

కారు కదిలింది. మొదటి ఎర్రలైటు దగ్గర ఇంజను ఆపి, మళ్లీ స్టార్టు చేశారు సదాశివరావుగారు. మళ్లీ ఆపారు. పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి.

“పదండి, నలుగురూ చూస్తున్నారు” అంది మాణిక్యాంబ.

“ఉండవే, ఆపింది మళ్లీ వస్తోంది, ఇంకొక్కసారి” అంటూ ఆయన తాళం తిప్పారు.