గురువారం కాఫీ, తలుపు మీద లక్ష్మీదేవి

మొన్న పద్మారావు నగర్‌లో మా కిరాణా దుకాణం ఆయన కొత్త క్యాలెండరు చుట్టి చేతిలో పెడితే, ఎప్పటిలాగే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి వెతికాను గాని, కొత్తగా రంగులు వేయించిన గోడలకు ఒక్క మేకూ లేదు. తేదీలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా అంది కోడలు. ఉన్నాయి, కాదన్నదెవరు? ఆ క్యాలెండరు మీది లక్ష్మీదేవి బొమ్మను మంచం మీద పరిచి చూస్తూ కూర్చుంటే, ఎక్కడో ఇంకో ఇల్లు గుర్తొచ్చింది.

మావారి ఉద్యోగం వల్ల ఒకప్పుడు రెండేళ్లు హాలెండులో ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. పాల యంత్రాలు చేసే ఫ్యాక్టరీ, ఒక కాలువ, పొద్దస్తమానం వాన, అంతే ఊరు. మన సికింద్రాబాదులో ఎవరైనా ఒక పోర్షన్లోకి కొత్తగా దిగితే, సామాను లోపలికి చేరకముందే పక్కింటివాళ్లు మంచినీళ్లు పట్టుకొచ్చి, ఏ ఊరు, ఎందరు పిల్లలు, అన్నీ కనుక్కుని పోయేవారు, మీకు చెప్పనక్కర్లేదు. అక్కడ మూడు వారాలు చూశాను, మా తలుపు ఎవరూ తట్టలేదు. మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కినట్టయి, చివరికి నేనే పులిహోర కలుపుకుని సాయంత్రం ఆరింటికి పక్కింటి తలుపు తట్టాను. ఆరింటికి ఆ ఊరు ఊరంతా భోజనానికి కూర్చుంటుందని నాకెవరు చెప్పారు? అరవై దాటిన ఒంటరి మనిషి, చేతిలో ఫోర్కుతోనే వచ్చి, డబ్బా అందుకుని, లోపలికి రమ్మనకుండా డైరీ తెచ్చి, వచ్చే గురువారం పదిన్నరకు కాఫీకి రమ్మని రాసుకుంది. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఏడ్చినా గురువారం వెళ్లాను. ఒక కప్పు కాఫీ, ఒకే ఒక్క బిస్కెట్టు. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే నా వయసు ఆరా తీస్తోందనుకున్నాను. ఆ తర్వాత ప్రతి గురువారం వెళ్లేదాన్ని. నా వచ్చీరాని ఇంగ్లీషుకూ ఆవిడ ఇంగ్లీషుకూ ఎలాగో కుదిరింది. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో, బస్సు దిగేముందు ఏ బొత్తాం నొక్కాలో ఆవిడే నేర్పింది. ఊరు మొత్తం మీద నాకున్న మనిషి ఆవిడే.

జనవరిలో తిరుమలగిరి నుంచి మా అక్క రెండు క్యాలెండర్లు పంపితే ఒకటి ఆవిడకిచ్చాను. గుండెకు హత్తుకుంది. మరుసటి గురువారం వాళ్లింట్లో టాయిలెట్‌కు వెళ్లి తలుపు వేసుకుంటే, ఎదురుగా ఆ తలుపుకే, తామరపువ్వులో లక్ష్మీదేవి! వెళ్లిన పని మరిచి బయటికొచ్చేశాను. చెబితే ఉన్న ఒక్క మనిషీ దూరమవుతుందేమో, చెప్పకపోతే అమ్మవారికి నా ముఖం ఎలా చూపించను? ఫోన్లో అక్క గయ్యిమంది.

"గట్లెట్ల ఊకున్నవే? అమ్మవారిని గాడ పెడ్తరా ఎవరన్న? తియ్యమని చెప్పు జెర!"

మావారేమో, "చెప్తే ఆమెకు తక్లీఫ్, చెప్పకుంటే నువ్వు పరేషాన్ అయితవ్, నేనేం జెప్పాలె?" అని పేపరు తిప్పుకున్నారు.

జ్వరమని అబద్ధమాడి రెండు గురువారాలు ఎగ్గొట్టాను. రెండోసారి ఆవిడ మా గుమ్మంలో వేడి సూపు గిన్నె పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోయింది. 

మూడో వారం, చెప్పవలసిన నాలుగు ముక్కలు బట్టీపట్టి వెళ్లాను. ముందు ధైర్యం చేసుకుని ఆ తలుపు మరోసారి చూశాను. తిథుల కింద, వర్జ్యాల పక్కన, నీలం సిరాతో చిన్న చిన్న పేర్లు. పేజీలు తిప్పితే ఆగస్టులో నా పేరు. అడిగితే చెప్పింది. అక్కడ పుట్టినరోజుల క్యాలెండరు ఆ గదిలోనే పెట్టుకుంటారట; రోజూ తప్పకుండా కూర్చునే చోటు కాబట్టి అయినవాళ్లను మరిచిపోయే వీలుండదట. ఏళ్లనాటి పాతదాన్ని తీసేసి, నేనిచ్చింది అందంగా ఉందని, పేర్లన్నీ ఒక్కొక్కటే దీంట్లోకి ఎక్కించుకుందట.

బట్టీపట్టిన ముక్కలు నోట్లోనే ఉండిపోయాయి. మనసులోనే అమ్మవారికి లెంపలు వేసుకున్నాను. ఆ ఏడాదంతా, అమ్మవారి ఎదుట ఆ గదిలోకి వెళ్లే అవసరం రాకుండా, గురువారం పొద్దున మంచినీళ్లు మానేసి కాఫీకి వెళ్లేదాన్ని. డైరీలో రాసుకోకుండా ఆవిడ మా తలుపు తట్టింది నా పుట్టినరోజుకే, చేతిలో ఆపిల్ కేకుతో.

తిరిగి వచ్చేశాక కూడా ప్రతి ఆగస్టులో ఆవిడ దగ్గర్నుంచి కార్డు వచ్చేది. రెండేళ్లుగా రావడం లేదు. రాసిన ఉత్తరానికి జవాబు లేదు. ఎవరిని అడగాలో తెలియదు.

నిన్న మావారు గోడకు మేకు కొట్టారు, కోడలు చూడనట్టే ఊరుకుంది. పెన్ను తీసుకుని నేనూ పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున లేస్తే ఎవరెవరి పుట్టినరోజో ఫోనే చెబుతోంది, ముఖాలు గుర్తులేనివాళ్లవి కూడా. ఆవిడది మాత్రం దానికి తెలియదు. భర్త పోయాక తన పుట్టినరోజు చేసుకోవడం మానేశానని ఒక గురువారం చెప్పింది. తన క్యాలెండరులో తన పేరు ఎవరు రాసుకుంటారు? నేనూ అడగలేదు. అమ్మవారిని ఎక్కడ పెట్టిందన్న బాధలో పడి, ఆ ఒక్క మాట అడగాలని నాకు తోచనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పన్నెండు నెలలూ తిరగేసి, ఆవిడ పేరు ఏ గడిలో రాయాలో తెలియక, పెన్నుకు మూత పెట్టేశాను.