మునిగిన ఊరిని నేసిన తుకినా

జావా దీవి ఉత్తర తీరాన ఉన్న మా ఊరి పొలాల్లోకి సముద్రం వచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. వరి పండిన చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. మా పొరుగింటి తుకినా చేనేత మనిషి. ఆ చెమ్మకి నూలు బూజు పట్టి పుటుక్కున తెగిపోయేది. అయినా ఆమె చేతులు ఊరుకోలేదు. మడచెట్ల వేళ్లకు చిక్కుకున్న చిరుగు వలలు, సబ్బుపొడి ప్యాకెట్లు, సంచులు ఏరి తెచ్చి, కడిగి, పీలికలు చేసి మగ్గానికెక్కించింది.

ఆడపడుచు కస్మి గుమ్మంలో నిలబడి నవ్వింది. "సముద్రంలో చెత్తంతా నీ మగ్గం మీదే ఉంది వదినా! ఏ పెళ్లికూతురికి కడతావేంటి ఇది?"

"నీకే. ముందు ఆ బురద చెప్పులు బయట విడువు."

కొన్నాళ్లకు ఆ గుడ్డలో పచ్చటి పొలాలు, మట్టిదారి, మసీదు గోపురం తేలాయి. అది మునగక ముందటి మా ఊరు! కస్మి దగ్గరికి వచ్చి వెతుక్కుంది.

"మా జామచెట్టేది?"

"ముదురాకుపచ్చ దొరకలేదే."

మర్నాడు కస్మి తన కొత్త గొడుగు చింపి తెచ్చింది. "నేను తడిస్తే తడిశాను గానీ, చెట్టు నిండుగా ఉండాలి. కాయలు కూడా పెట్టు."

దాంతో ఊరంతా కదిలింది. ఎవరి ఇంటి రంగు వాళ్లు వెతికి తెచ్చిచ్చారు.

భూమి వేడెక్కడం మీద సెమరాంగ్ నగరంలో ప్రదర్శన పెట్టినవాళ్లు ఆ గుడ్డను అడిగి తీసుకెళ్లారు. మేమూ అన్నం పొట్లాలు కట్టుకుని, పడవ దిగి లారీ ఎక్కి వెళ్లాం. అక్కడ అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మా సర్మిది తాత మాత్రం గుడ్డ మీద వేలు పెట్టి అరిచాడు.

"అమ్మాయ్ తుకినా! ఈ దర్సోనోగాడి గట్టు నా చేలోకి జరిగిందేమిటే?"

"జరగలేదు. ఎప్పుడూ అక్కడే ఉంది," అన్నాడు పక్కనే ఉన్న ముసలి దర్సోనో.

"రెండు చేలల్లోనూ చేపలు తిరుగుతుంటే ఇంకా గట్టు తగవేంటి తాతా?" అంది కస్మి.

"చేపలకైనా నా చేను ఏదో తెలియొద్దూ?"

జనం మూగారు. ఒక పట్నం పిల్ల మెల్లగా అడిగింది. "నిజంగా అక్కడ పొలాలుండేవా?"

తాత గొంతు తగ్గింది. "ఉండేవి తల్లీ. కోతలప్పుడు ఈ దారంతా గడ్డివాసన."

దర్సోనో తలూపాడు. తుకినా సూది తీసి గుడ్డ ముందు కూర్చుంది. "సరే, విప్పి మళ్లీ వేస్తాను. గట్టెక్కడో ఇద్దరూ చూపించండి."

ఇద్దరూ ఒకేచోట వేలు పెట్టారు.

"మరి ఇందాకటి నుంచి ఆ అరుపులేంటి?" అంది తుకినా.

"అలవాటే!" అన్నాడు తాత.