ఇల్లరికం వెళ్లిన రౌటర్

రక్తపరీక్షల ల్యాబ్ బ్రాంచిలోని రౌటర్ ఫోన్ లైను మీద హెడ్డాఫీసుకి డయల్ చేసింది. అక్కడి రౌటర్ ఎత్తింది, పాస్‌వర్డ్ అడిగింది, సరేనంది, వెంటనే పెట్టేసింది.

"పెట్టేసిందేంటండీ?" అంది బ్రాంచి మేడమ్.

"పెట్టెయ్యాలి మేడమ్. అదే సెక్యూరిటీ. ఇప్పుడు తన దగ్గరున్న నంబరుకి అదే తిరిగి చేస్తుంది. పాస్‌వర్డ్ ఏ దొంగో కొట్టేసినా, ఫోన్ మాత్రం మనింటికే వస్తుంది" అన్నాడు టెక్నీషియన్, కుర్చీలో వెనక్కి వాలి.

ఈ ముక్క అందరికీ చెప్పీ చెప్పీ ఆఫీసులో ఆయన పేరే సెక్యూరిటీ అయిపోయింది. కొత్తవాళ్లు ఆయన కోసం గేటు దగ్గర వెతుకుతారు.

ఫోన్ రాలేదు. మళ్లీ డయల్ చేయించాడు. అవతలది మళ్లీ పెట్టేసింది. మళ్లీ రాలేదు. మోడెం విప్పి ఊదాడు. ఏమీ తోచనప్పుడు ఊదడం ఆయనకొచ్చిన పెద్ద విద్య. తప్పు ఫోన్ లైనుదేనని తేల్చాడు. మేడమ్ అదే లైన్లో చెల్లెలితో హాయిగా కబుర్లాడి చూపించింది.

రౌటర్లు రెండూ సాయంత్రం ఐదులోగా కలవకపోతే రిపోర్టులు ఎప్పట్లాగే ఫ్లాపీల్లో బస్సెక్కుతాయి, మిగతా బ్రాంచిల్ని కలిపే పని ఇంకొకరికి పోతుంది. హెడ్డాఫీసులో ల్యాబ్ డైరెక్టర్ ఆ మాట నవ్వుతూ చెప్పాడు. అందుకే టెక్నీషియన్‌కి మరీ భయం.

నాలుగున్నరకి, రావడం ఆలస్యమవుతుందని చెబుదామని ఇంటికి ఫోన్ చేశాడు.

"మళ్లీ చేశావా వెధవా!" అంది అత్తగారి గొంతు.

"అత్తయ్యా, నేను."

"అయ్యో, నువ్వా బాబూ! పొద్దున్నుంచీ ఎవడో ఫోన్ చేసి చంపుతున్నాడు. మాట లేదు, పలుకు లేదు, చెవిలో కుయ్ కుయ్‌మని కూస్తాడు. నేనూ నాలుగు దులిపేశాను. సిగ్గు లేదు, మళ్లీ చేస్తాడు."

కిందటి ఆదివారం ఇంటి నుంచి పరీక్షించి చూడటానికి హెడ్డాఫీసు రౌటర్లో ఇంటి నంబరు పెట్టింది ఆయనే. మార్చడం మరిచిపోయిందీ ఆయనే. ఫోన్ నిజంగానే మనింటికే పోతోంది. ఆ ఇల్లు కూడా ఆయనది కాదు, అత్తగారిది.

నంబరు మార్చాలంటే ఆ రౌటర్ ముందున్న మనిషే మార్చాలి. అక్కడున్నది ఆయన్ని ఉడికించడమే పనిగా పెట్టుకున్న తోటి టెక్నీషియన్. "నంబర్లో ఏదో చిన్న తేడా ఉన్నట్టుంది, చూడవా" అన్నాడు ఈయన ఫోన్లో, ఏమీ ఎరగనట్టు.

అవతలివాడు నంబరు పైకి చదివాడు. ఆగాడు. "ఇది మీ అత్తగారిది కదూ? నువ్వెళ్లింది చాలదా గురూ, రౌటర్ని కూడా ఇల్లరికం పంపావా?"

"ముందు మార్చి తర్వాత నవ్వుకో, నీకు దణ్ణం పెడతా."

"నవ్వాకే మారుస్తా."

ఆ నవ్వు వెనక డైరెక్టర్ నవ్వు కూడా వినిపించింది. ఐదుకి కాస్త ముందు బ్రాంచిలో ఫోన్ మోగింది, మోడెం కీచుమంది, రిపోర్టులు కదిలాయి. పని ఆయనకే ఉండిపోయింది. సెక్యూరిటీ అన్న పేరు మాత్రం పోయి, అల్లుడుగారు అన్నది వచ్చింది.

తర్వాతి వారం రెండో బ్రాంచికి బయలుదేరుతుంటే, అత్తగారు ఆయన చూస్తుండగానే ఫోన్ వైరు పీకి పక్కన పెట్టింది.