గొట్టం జుబ్బా

మా చెల్లెలి భర్త పెద్దాసుపత్రి గుడ్డల గదిలో ముప్పై ఒక్క సంవత్సరాలు దర్జీగా పనిచేశాడు. నియామకపు ఉత్తర్వు మొదలు పదవీ విరమణ పత్రం దాకా అన్నీ నా దగ్గరే ఉన్నాయి. అతనికి కాగితమంటే బట్ట మీద పరచి కత్తిరించుకొనే నమూనా మాత్రమే. ఆ గదికి కిటికీ లేదు. ఒక పక్క ఉతికి వచ్చిన దుప్పట్ల దొంతరలు, మరొక పక్క చిరిగిన గౌన్లు, నడుమ కుట్టు మిషను. రోగి ముఖం చూడవలసిన అవసరమే లేని ఉద్యోగం అది.

అయినా చూశాడు. ఒకనాడు పసిపిల్లల వార్డుకు దుప్పట్లు తీసుకువెళ్ళినప్పుడు, పొట్టకు ఆపరేషనైన ఒక బిడ్డ తన పక్కటెముకల కింది నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని పిడికిట పట్టి లాగేసుకుంది. అంటించిన పట్టీ చర్మంతో సహా ఊడివచ్చింది. ఆ బిడ్డను మళ్ళీ కోయవలసి వచ్చింది. ఆ వారంలోనే పాత దుప్పటి గుడ్డతో అతనొక జుబ్బా కుట్టాడు. పక్కన ఏటవాలుగా ఒక కాజా, గొట్టాన్ని కదలనివ్వని రెండు పొరల మడత, బిడ్డ చేతికి అందని చోట ముడి. నర్సులు దానికి గొట్టం జుబ్బా అని పేరు పెట్టారు.

"ఏమయ్యా దర్జీ, మా పిల్లకి పెళ్ళిబట్టలు ఎప్పుడిస్తావ్?" అనేది వార్డు పెద్ద నర్సు.

"పెళ్ళికూతుర్ని ఏడుపు ఆపమనండమ్మా, కొలతలు తీసుకుంటా."

ఆరేళ్ళ తరువాత, ఆసుపత్రికి అనుబంధమైన విశ్వవిద్యాలయం వారు ఆ జుబ్బాను పరీక్షించి పేటెంటుకు దరఖాస్తు చేశారు. పరిశోధనలను కంపెనీల చేతికి అందించే కార్యాలయం ఒకటి అక్కడ ఉంది. పేటెంటు వస్తే యంత్రాల మీద వేలకొద్దీ తయారుచేసి అన్ని ఆసుపత్రులకూ పంపుతామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. అప్పటికే బావ వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి, రోజుకు రెండు జుబ్బాలు కుట్టడమే గగనమైపోయింది. తాను రిటైరయ్యేలోగా ఆ పని మరొకరి చేతికి వెళ్ళాలన్నదొక్కటే అతని కోరిక.

దరఖాస్తు ప్రతిని సంపాదించి చదివాను. ఆవిష్కర్తలు ఒక శస్త్రచికిత్స వైద్యుడు, ఇద్దరు ఇంజినీర్లు. దర్జీ లేడు. నా ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం అన్యాయం బావా? నీ పేరేదీ?"

"జుబ్బాకి పేరెందుకు బావా? మడత సరిగ్గా ఉంటే చాలదా?"

"నువ్వూరుకో. నేను చూసుకుంటాను."

"అన్నయ్యా, ఆ బీరువా మాత్రం తెరవకు. నువ్వు తెరిస్తే ఇల్లంతా దుమ్మే," అంది వంటింట్లోంచి మా చెల్లెలు.

తెరిచాను. ఐదేళ్ళ నాటి ఆసుపత్రి వార్షిక సంచిక దొరికింది. పదకొండో పేజీలో జుబ్బా పట్టుకొని బావ, కింద కొలతలతో సహా కుట్టే విధానం. ఇంతకన్నా తిరుగులేని సాక్ష్యం ఏముంటుంది? మూడు పేజీల లేఖ జతచేసి ఆ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదు ఇప్పటికీ ఉంది.

పదో రోజున మమ్మల్నిద్దరినీ పిలిచారు. అక్కడి అధికారిణి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"మీరు రాసింది నిజమేనండీ. ఇది ఆయన చేసిందే. కానీ ఐదేళ్ళ కిందటే అచ్చులో వచ్చేసింది కదా. లోకానికి తెలిసిపోయినదానికి పేటెంటు ఇవ్వరు. తెలిశాక మేం దాచలేం."

"అయితే ఈయన పేరు చేర్చండి."

"దేంట్లో చేర్చమంటారు? దరఖాస్తే వెనక్కి తీసుకుంటున్నాం."

బావ నా వైపు చూడలేదు. "మరి కంపెనీవాళ్ళు కుట్టరా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"పేటెంటు లేకపోతే ఎవరైనా చేసుకోవచ్చు కదండీ. పోటీ వస్తే లాభముండదని వాళ్ళు తప్పుకున్నారు."

"ఎవరైనా చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చు."

"మరి ఎవరు చేస్తారు?"

ఆమె నా లేఖను ఫైలులో పెట్టి మూసింది.

ఆ కార్యాలయాన్ని నేను నేటికీ క్షమించలేదు. మొదటి రోజే ఎవరైనా గుడ్డల గదిలోకి వెళ్ళి, ఇది ఎప్పుడు కుట్టావు, ఎవరెవరికి చూపించావు అని రెండు ముక్కలు అడిగి ఉంటే, పేటెంటు మీద ఆశ పెట్టుకోక వేరే దారి వెతికేవారు. దర్జీని అడగడమేమిటనుకున్నారు. నన్ను మాత్రం ఎలా క్షమించుకోను? తనకేం కావాలో అతను నా ఎదుటే చెప్పాడు. నేను వినలేదు.

బస్సులో వస్తూ అతని చెయ్యి పట్టుకున్నాను.

"నీ తప్పేముంది బావా? ఉన్న నిజమే కదా పంపావు," అన్నాడు. ఆ గొంతులో కాస్త కోపమున్నా నాకు తేలికగా ఉండేది.

అతను రిటైరైన తరువాత ఆ ఉద్యోగాన్ని మరెవరికీ ఇవ్వలేదు. ఇంట్లో కూర్చుని వారానికొకటి చొప్పున నాలుగు జుబ్బాలు కుట్టి వార్డుకు తీసుకువెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడికి కొత్తగా వచ్చిన పెద్ద నర్సు వాటిని తిప్పి తిప్పి చూసింది.

"ఎంత బాగున్నాయి బాబాయ్! కానీ బయట కుట్టినవి తీసుకోవద్దని ఆర్డరుంది. ఏమనుకోకండి."

ఏమీ అనుకోనని అతను తల ఊపాడు. ఒక్కసారి పిల్లల్ని చూడవచ్చా అని అడిగాడు. గాజు తలుపులోంచి చూశాం. ఎదుటి మంచం మీద నెలల బిడ్డ. పక్కటెముకల కింద గొట్టానికి అంటుపట్టీ ఉంది. ఆ గొట్టం లాక్కోకుండా రెండు చేతులనూ గుడ్డపీలికలతో మంచానికి కట్టేశారు.

బావ గాజుకు దగ్గరగా వంగి ఆ కట్లు చూశాడు. "ముడి బాగా బిగించారు," అని మాత్రం అన్నాడు. తరువాత జుబ్బాల మూట చంకలో పెట్టుకొని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు.