కళ్ళు మూసుకున్న సాక్షి

ఈమధ్య మా వీధి చివర ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. పిల్లల చెవులకి ఏదో తగిలించి సంగీతం వినిపిస్తే మెదడులో ఆల్ఫా తరంగాలు పెరుగుతాయట, దాంతో చదివిందంతా గుర్తుండిపోతుందట. బోర్డు మీద ఒక పిల్ల బొమ్మ వేశారు. కళ్ళు మూసుకుని, ఏదో మహాజ్ఞానం వంటబట్టినట్టు నవ్వుతోంది. బయట తల్లిదండ్రులు స్కూటర్లు ఆపుకుని కూర్చుంటున్నారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వయసులో సరిగ్గా అదే పని చేసినందుకు నా చదువు మాన్పించబోయారు.

ఆల్ఫా తరంగాల గురించి ఇంత తెలిసీ తెలియని ధీమాతో మాట్లాడినవాళ్ళలో వీళ్ళు మొదటివాళ్ళు కారు. అరవైల మొదట్లోనే ఒకాయన మాట్లాడగా విన్నాను. ఆయన మా పెదనాన్న. నందిగామ కోర్టులో వకీలు.

మాది జగ్గయ్యపేట. నాన్నది మిరపకాయల వ్యాపారం. ఇంటి ముందు భాగమంతా కొట్టూ గోదామూ, వెనక రెండు గదుల్లో మేం. వీధిలోంచి వచ్చినవాళ్ళెవరైనా గుమ్మంలో తుమ్మి గాని లోపలికి అడుగుపెట్టేవాళ్ళు కారు. అప్పట్లో బేరమంటే తుండుగుడ్డ కింద. అమ్మేవాడూ కొనేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు, పక్కవాడికి తెలియకుండా. చుట్టూ కాటా దగ్గర కేకలు, బళ్ళవాళ్ళ తగాదాలు. నాన్న మాత్రం గుడ్డ కింద చెయ్యి పెట్టగానే కళ్ళు మూసుకునేవాడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, తరుగు ఎంత పోతుంది, అంతా అట్లా మూసుకునే లెక్కగట్టి, కళ్ళు తెరిచేసరికి మాట ఖాయం చేసేవాడు. కాగితం ముట్టుకోగా నేను చూడలేదు. ఆయన ఐదో తరగతితో బడి మానేశాడు. మానేసి కొట్లో కూర్చున్నాడు కాబట్టే పెదనాన్న మద్రాసులో లా చదవగలిగాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. పెదనాన్నకైతే అసలు గుర్తున్నట్టే లేదు.

బస్తాలు మోసేవాళ్ళు తిరిగే ఇంట్లో ఆడపిల్లకి చదువు అబ్బదనీ, చదువు వాతావరణం కావాలంటే నందిగామలో తన దగ్గర ఉండాలనీ పెదనాన్న ఒకరోజు వచ్చి తేల్చేశాడు. మా ఊళ్ళోనూ హైస్కూలు ఉంది. అమ్మ ఆ మాటే నాన్నతో చాటుగా అంది. కానీ మా నాన్న అన్నగారి మొహంలోకి చూస్తూ కాదనడం ఎవరూ ఎరుగరు. ఆయన ఎదురుగా నిలబడి ఇట్లా కళ్ళెగరేస్తే చాలు, "నీ ఇష్టం అన్నయ్యా" అనేసేవాడు. నా ట్రంకు పెట్టె బస్సు పైకెక్కింది.

ఆ చదువు వాతావరణం ఎట్లా ఉండేదంటే, సాయంత్రం కోర్టు నుంచి రాగానే పెదనాన్న వసారాలో పడకకుర్చీ వేయించుకునేవాడు. ఎదురుగా ఇంకో కుర్చీ, ఆయన వైపు తిప్పి. దాని వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చేతులు ఆనించి, పిల్లలం మేం ఆ రోజు పాఠం అప్పజెప్పాలి. అదీ మా బోను. కక్షిదారులు అరుగు మీద కూర్చుని చూస్తుండేవాళ్ళు. వాళ్ళ కేసుల గురించి అడగడానికి వచ్చి, పానిపట్టు యుద్ధం వినిపోయేవాళ్ళు పాపం. నిజంగా చూసిన సాక్షి కళ్ళల్లో చూసింది ఉంటుందనీ, కళ్ళు మూసుకుని చెప్పేవాడు ఎవరో నేర్పింది చెబుతున్నాడనీ, ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాననీ ఆయన వాళ్ళకి వినిపించేలా అంటుండేవాడు. ఆ ముప్పై ఏళ్ళల్లో ఆయన ఎన్ని కేసులు పోగొట్టాడో అరుగు మీదివాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళు.

ఆయనకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ గుడ్లు మిటకరించి, తండ్రి మీసాల మీదే చూపు నిలిపి, నోటికొచ్చింది గట్టిగా చెప్పేవాళ్ళు. కృష్ణానది బంగాళాఖాతంలో కలుస్తుందన్నా, అరేబియా సముద్రంలో కలుస్తుందన్నా ఒకే గొంతు. "ఎట్టా చెప్పాడో చూశారా, తొణకలేదు" అని పెదనాన్న మురిసిపోయేవాడు.

నా సంగతి వేరు. ఆ మీసాలు, ఆ అరుగు, వీధిలో పోయే బళ్ళు కనబడుతుంటే నాకు ఒక్క ముక్కా తట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే పుస్తకంలో పేజీ ఎక్కడ మొదలైందో, మాస్టారు ఏ మాట దగ్గర దగ్గాడో కూడా గుర్తొచ్చేది. మూసుకుని చెబితే ఒక్క తప్పు రాదు. తెరిచి చెప్పమంటే నీళ్ళు నమిలేదాన్ని. ఆ ఇంట్లో తప్పు చెప్పిన కొడుకులు తెలివైనవాళ్ళు, ఒప్పు చెప్పిన నేను అబద్ధాల కోరుని. పెద్దమ్మ నా కళ్ళల్లో చన్నీళ్ళు కొట్టింది, సరస్వతి ఆకు నమిలించింది. అది చేదు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఎస్సెల్సీ పరీక్షకి ఇంకా ఏడాది ఉంది. అప్పటికి దారిలోకి రాకపోతే మాన్పించేస్తానని పెదనాన్న ప్రకటించాడు.

ఇంతలో ఆయన చీట్లపేక స్నేహితుడొకాయన, ఊళ్ళో ప్రాక్టీసున్న డాక్టరు, వసారాలో నన్ను చూసి, అట్లా ఉన్నట్టుండి కళ్ళు మూతలు పడటం మూర్ఛలో ఒక రకం కావచ్చని పేక కలుపుతూ చెప్పాడు. ఆ మాట సాయంత్రానికి వీధంతా పాకింది. అబద్ధాల కోరుకి రోగం కూడా తోడైంది. మద్రాసులో తలకి తీగలు పెట్టి మెదడు పనితీరు కాగితం మీద గీసే యంత్రం వచ్చిందట, అక్కడికి తీసుకుపోయి నిజం తేల్చుకొస్తానని పెదనాన్న బయలుదేరాడు. నాన్నకి కబురు మాత్రం పెట్టాడు. అడగలేదు.

మద్రాసు ఆసుపత్రిలో నా జుట్టు పాయలు పాయలుగా విడదీసి, జిగురులాంటిది రాసి, తీగలు అంటించారు. మంచం మీద పడుకోబెట్టారు. పక్కన యంత్రంలో కాగితం కదులుతుంటే దాని మీద సన్నటి కలాలు గీసుకుపోతున్నాయి. కళ్ళు మూసుకోమన్నారు, తెరవమన్నారు, మళ్ళీ మూసుకుని కూడికలు చేయమన్నారు. నా జన్మలో మొదటిసారి ఒకరు నన్ను కళ్ళు మూసుకోమని మర్యాదగా అడిగారు.

డాక్టరు నెల్లూరు వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. కాగితం మా ముందు పరిచి, మూర్ఛ లేదు, ఏ జబ్బూ లేదు అన్నాడు. కళ్ళు మూసుకున్న చోట గీతలు పెద్దమ్మ రవిక అంచుకి వేసే కుట్టులా ఒకే తీరున, ఒకే ఎడంతో ఉన్నాయి. వాటిని ఆల్ఫా అంటారన్నాడు. కళ్ళు తెరిచిన చోట ఆ తీరు చెదిరిపోయి పిచ్చిగీతలయ్యాయి. కూడికలు చేసిన చోట కళ్ళు మూసే ఉన్నా అలలు చిన్నవయ్యాయి. చాలామందిలో ఇట్లాగే ఉంటుందన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ పెదనాన్న అంత దూరం వచ్చింది నాకు జబ్బు లేదని వినడానికి కాదు. కండువా సర్దుకుని క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు.

"ఈ అలలు వచ్చినప్పుడు మెదడు విశ్రాంతిలో ఉన్నట్టేనా? అవునా కాదా?"

డాక్టరు కొంచెం తటపటాయించి, విశ్రాంతి అనే అంటామండీ అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పాడు. అది తాము పెట్టుకున్న మాటేననీ, ఆ అలలు ఎందుకు వస్తాయో, జ్ఞాపకానికీ వాటికీ సంబంధం ఏమిటో తమకింకా పూర్తిగా తెలియదనీ, లెక్క చేసేటప్పుడు అలలు మారాయంటే కళ్ళు మూసుకుని కూడా ఈ పిల్ల గట్టిగా ఆలోచిస్తోందనీ చెప్పాడు. పెదనాన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. తనకి కావలసిన ముక్క చిక్కాక సాక్షి మాట్లాడటం ఆయనకి నచ్చదు.

ఇప్పుడు చదువుతుంటే, ఆ అలలు ఉత్త బద్ధకం కావని తెలిసినవాళ్ళే రాస్తున్నారు. మనసులో ఏదైనా పట్టి ఉంచుకోవలసి వచ్చినప్పుడు, అక్కరలేని రొదని లోపలికి రానివ్వకుండా ఆపడంలో వాటికి పాత్ర ఉందని అంటున్నారు. ఇంట్లో మాట వినబడాలంటే వీధి తలుపు వేసుకున్నట్టు. అదీ కచ్చితంగా తేలలేదని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. తెలిసినవాడు తెలియదని చెప్పే మాట వకీళ్ళకీ అక్కరలేదు, మా వీధి చివర బోర్డు పెట్టినవాళ్ళకీ అక్కరలేదు.

మద్రాసు నుంచి పెదనాన్న నేరుగా జగ్గయ్యపేటే తీసుకొచ్చాడు నన్ను. కొట్లో కాటా దగ్గర జనం ఉన్నారు. నాన్న గుడ్డ కింద చెయ్యి తీసి లేచి ఎదురొచ్చాడు. నా వైపు చూసి, జబ్బేమిటన్నారని అడగబోయి, అన్నగారి వైపు చూశాడు. పెదనాన్న కూర్చోకుండానే తీర్పు చదివాడు. జబ్బు కాదు, అంతకంటే అన్యాయం అన్నాడు. కళ్ళు మూసుకుంటే ఈ పిల్ల మెదడు పని మానేస్తుందని మద్రాసు డాక్టరే ఒప్పుకున్నాడు, కాబట్టి ఇన్నాళ్ళూ అప్పజెప్పిందంతా చిలక పలుకులే, దీన్ని ఎస్సెల్సీకి కూర్చోబెడితే పరువు పోతుంది, మాన్పించి సంబంధం చూడు అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. అక్కడే బస్తాల మధ్య నిలబడి కళ్ళు మూసుకున్నాను. డాక్టరు గదిలో జరిగింది మొదటి నుంచీ చెప్పాను. పెదనాన్న అడిగిన ప్రశ్న, డాక్టరు తటపటాయింపు, ఆ తర్వాత ఆయన చెప్పిన ప్రతి మాటా, పెదనాన్న లేచి నిలబడింది ఏ మాట దగ్గరో కూడా. చెప్పడం అయ్యాక కళ్ళు తెరిచాను. కాటా దగ్గర జనం పెదనాన్న వైపు తిరిగారు.

"చూశావా, ఎంత తర్ఫీదైన సాక్షో" అన్నాడు పెదనాన్న. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ మీసం కదలలేదు.

"నాన్న కళ్ళు తెరిచి ఒక్క లెక్క చెప్పగలడేమో అడగండి పెదనాన్నా. ఆయనా చిలకేనా?" అన్నాను.

ఆడపిల్ల అంత మాట అనడం ఆ కొట్లో అంతకుముందు లేదు. నన్ను కొడతాడనుకున్నాను. కానీ పదిమందిలో సవాలు వచ్చాక వెనక్కి తగ్గితే ఆయన వకీలు ఎట్లా అవుతాడు? తమ్ముడి వైపు తిరిగి, ఇన్ని బస్తాలు, బస్తాకింత తూకం, ఇంత తరుగు, మొత్తం ఎంతో తన మొహం చూస్తూ చెప్పమన్నాడు. నాన్న రోజూ నాలుక చివర ఉంచుకునే లెక్క. నాన్న ఆయన మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. ఒక అంకె అన్నాడు, కాదని ఇంకొకటి అన్నాడు. చెమటలు పట్టాయి. హమాలీల్లో ఒకడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంతా చూస్తూ కూడా ఏం చూస్తున్నాడో పెదనాన్నకి అర్థం కాలేదు. తమ్ముడు తప్పు చెప్పాడనే సంతోషమే ఆయన కళ్ళల్లో కనబడింది.

నాన్న భుజం మీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అట్లాగే కళ్ళు మూసుకున్నాడు. లెక్క టకీమని చెప్పాడు. కాటా దగ్గరున్న గుమాస్తా సరిపోయిందని తల ఊపాడు. నాన్న కళ్ళు తెరుస్తాడని ఎదురుచూశాను. తెరవలేదు. మూసుకునే ఉండి, గొంతు పెంచకుండా ఇంకా మాట్లాడాడు.

"పిల్ల ఇక్కడే ఉంటది అన్నయ్యా. ఈ ఊరి బళ్ళోనే చదువుద్ది. ఎస్సెల్సీ రాస్తది."

తమ్ముడి నోట తనని కాదనే మాట పెదనాన్న పుట్టాక వినలేదు. ఎవరన్నారో చూసుకోవడానికన్నట్టు చుట్టూ చూశాడు. తర్వాత నాన్నకి దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ మాట కళ్ళు తెరిచి, నా మొహం చూసి చెప్పరా" అన్నాడు.

"తెరిస్తే చెప్పలేను అన్నయ్యా" అన్నాడు నాన్న.