ఎదురింటి ఆర్మరర్ తుపాకుల పుస్తకాలు

ఎదురింటి ఆర్మరర్ పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా చనిపోయాడు. పాలాయన గేటు దగ్గర నిలబడి "టీచరమ్మా, తుపాకుల సాయిబు పోయినాడంట" అని చెప్పి, అర లీటరా లీటరా అని అడిగాడు. లీటరు పోయించుకున్నాను. చావింటికి టీ పంపాలి కదా. ఏడుపు మాత్రం రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. స్మృతి వ్యాసం అనగానే చదివేవాళ్లు కళ్లు తుడుచుకోవడానికి సిద్ధమవుతారు. ఆయన్ని నేను నలభై ఏళ్లు ద్వేషించాను. ఆఖరి పన్నెండేళ్లయితే ప్రతి ఆదివారం ఆయనింట్లోనే కూర్చుని ద్వేషించాను.

మధ్యాహ్నానికి మా వీధి పిల్లలు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో పక్కన సినిమా తుపాకి బొమ్మ, కింద "పుస్తక ప్రియులు, మహానుభావులు" అని రాత. ఆయనకు మళ్లీ ప్రాణమొస్తే ముందు ఆ తుపాకి బొమ్మ తప్పని చెప్పి, తర్వాత పడుకునేవాడు. మహానుభావుడేమీ కాదు. మహా మొండివాడు. పుస్తకం ముట్టాలంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కడిగాక తుడుచుకోవాలి, తుడుచుకున్నాక ఆయనకు చూపించాలి. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. నా చేతులు కూడా తిప్పి తిప్పి చూసేవాడు. వేలికి ఉమ్మి తడి చేసి పేజీ తిప్పిందని సొంత మనవరాలిని వారం రోజులు ఆ గదిలోకి రానివ్వలేదు.

పోలీసు శాఖలో ఆర్మరర్ అంటే తుపాకి పేల్చేవాడు కాదు, బాగుచేసేవాడు. ఏదైనా కేసులో నాటు తుపాకి దొరికితే అది పేలుతుందో లేదో చూసి కోర్టులో చెప్పాల్సిందీ అతనే. రిటైరయ్యాక ఆయన ప్రొద్దుటూరులో మా ఎదురిల్లు కొనుక్కుని వచ్చాడు. ఇనప బీరువాలో బట్టలకు ఒక అర, మిగతా మూడరలూ పుస్తకాలు. అన్నీ తుపాకుల చరిత్ర చెప్పే బొమ్మల పుస్తకాలే. ఒత్తి అంటించి పేల్చిన కాలం నుంచి నిన్నమొన్నటి దాకా ఏ దేశంలో ఏ తుపాకి చేశారు, దాని లోపల ఏముంది, అన్నీ నున్నటి కాగితం మీద రంగుల్లో ఉంటాయి. ఒక్కొక్కటి తిరగలి రాయంత బరువు. చెన్నైలో పాత పుస్తకాలమ్మే బజారు నుంచి కొన్ని, హైదరాబాదు నుంచి పార్సిల్లో కొన్ని. అందరి అల్లుళ్లూ కువైట్ నుంచి దుప్పట్లు, అత్తర్లు తెస్తే ఈయన అల్లుడు తుపాకుల పుస్తకం తెచ్చి, విమానాశ్రయంలో రెండు గంటలు సమాధానాలు చెప్పుకుని బయటపడ్డాడు. "ఊర్లోవాళ్ల తుపాకులన్నీ బాగుచేసినాడు, ఇంట్లో మిక్సీ బాగుచేయమంటే మాత్రం షాపుకు పంపిస్తాడు" అని భార్య పోయేదాకా సణుగుతూనే ఉండేది.

ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి లోపలి సంగతి సగం చెప్పగలడు, కింద రాసింది మాత్రం చదవలేడు. పన్నెండేళ్ల కిందట ఒక ఆదివారం చంకలో పుస్తకం పెట్టుకుని మా గేటు దగ్గరికొచ్చాడు.

"టీచరమ్మా, నువ్వు ఇంగ్లీషు సెప్తావంట గదా. ఆదివారం ఆదివారం ఒగ గంట వచ్చి ఈ బొమ్మల కింద ఏం రాసుండారో సదివి పెడతావా?"

నేనెవరో ఆయనకు తెలీదు. ఆయనెవరో నాకు తెలుసు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాకు పదేళ్లప్పుడు మా నాన్నను పొలం దారిలో తుపాకితో కాల్చి చంపారు. ఎవరు చంపారో ఊరంతటికీ తెలుసు. వాళ్ల గడ్డివాములో పోలీసులకు ఒక నాటు తుపాకి దొరికింది. కోర్టులో ఆ తుపాకి చూపించి ఈయన్ని అడిగారు. "ఇది పేలి శానా ఏండ్లయింది. నిప్పు పుట్టించే రాగి టోపీ పెట్టే కాడ రంధ్రం తుప్పుతో పూడిపోయింది. ఇది పేలదు" అన్నాడు. అంతే, కేసు కొట్టేశారు. కోర్టు మెట్లు దిగుతున్న ఆయన ముందుకు మా అమ్మ పరిగెత్తి, దోసెడు మన్ను ఎత్తి ఆయన తల మీద పోసి "నీ వంశం ఎత్తిపోను, అమ్ముడుబోతివి గదరా" అని శాపనార్థాలు పెట్టింది. ఆయన టోపీ తీసి మన్ను దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు అమ్ముడుపోయిన సాయిబు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎక్కడ ఆయన మాట వచ్చినా పక్కన ఈ మాట కూడా వచ్చేది. దానివల్ల ఆయన కూతురికి ఒక సంబంధం తప్పిపోయింది కూడా.

అలాంటి మనిషికి నేను చదివిపెడతానన్నాను. ఎందుకంటే, ఇన్ని పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట ఆ తుపాకి ఉండకపోదు, అది పేలుతుందని రాసి ఉండకపోదు, ఆ పేజీ ఆయన మొహాన కొట్టాలి. నా ఆదివారాలన్నీ అందుకే. మా అమ్మ నాతో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. వీధి వైపు కిటికీ తెరవడం మానేసింది.

చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. తొందరగా చదివితే "మెల్లగా పోమ్మా, బస్సేం పోతాండాదా" అనేవాడు. ఒక పదానికి అర్థం తెలియక నేను దాటేస్తే కనిపెట్టేవాడు, అదెలాగో నాకిప్పటికీ తెలీదు. "బొమ్మ సూసి తుపాకి గురించి సెప్పగూడదు, మనిసి గురించి అస్సలు సెప్పగూడదు. లోపల ఇప్పి సూడాల" అని ఆదివారానికోసారి అనేవాడు. వినీ వినీ ఒళ్లు మండేది. మనవరాలు ఒకసారి ఫోను చూపించి, "తాతా, పేజీ ఫోటో తీస్తే ఇదే తెలుగులో చెప్తుంది" అంటే, "అది తప్పు సెప్తే ఎవుర్ని అడగాల? టీచరమ్మైతే మనిసి. నిలబెట్టి అడగొచ్చు" అన్నాడు. టీ మాత్రం మంచిది ఇచ్చేవాళ్లు. ఒప్పుకోవాలి.

నాలుగేళ్ల కిందట పాత పుస్తకం ఒకటి వచ్చింది. సగం పేజీలు తేమకు అంటుకుపోయి ఉంటే ఆయనే పల్చటి బద్దతో ఒక్కొక్కటీ విడదీశాడు. మన దేశంలో పల్లె కమ్మరులు చేసిన తుపాకుల దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది.

"ఇదే టీచరమ్మా. ఇంత కాలం నేను ఎతుకుతాండేది దీన్నే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, నాకు తెలిసిన కథే. తెలియనిది చివర్లో వచ్చింది. ఇలాంటి తుపాకులు కొన్ని మొదట ఒత్తితో అంటించేవంట. తర్వాత వాటినే టోపీ పెట్టి పేల్చేటట్టు మార్చారంట. అంటే ఒత్తి పెట్టే పాత రంధ్రం ఇంకొకటి పక్కన ఉండాలి.

"నేనారోజు టోపీ రంధ్రమే సూసినా. రెండోది సూడల్యా. బోనెక్కి సెప్పేసినాక గుర్తుకొచ్చింది. మళ్లా ఆ తుపాకి నా సేతికి రాల్యా. ఆ రంధ్రం పూడ్సకుంటే అది పేల్తాది. ఒగామె నా మీద మన్ను పోసింది టీచరమ్మా. న్యాయంగా పోసిందో అన్యాయంగా పోసిందో నాకు తెల్లేదు. సదువు, ఏం రాసుండారో."

బొమ్మ కింద రెండే వాక్యాలున్నాయి. తుపాకిని మార్చేటప్పుడు పాత రంధ్రాన్ని ఇనప మేకుతో మూసేసేవారని, ఆ తర్వాత దాన్ని ఒత్తితో పేల్చడం కుదరదని. నేను రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత తలెత్తి చెప్పాను.

"పాత రంధ్రం అట్లే ఉంచేవాళ్లంట. టోపీ లేకున్నా ఒత్తితో పేల్చొచ్చంట."

ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయితే ఆ యమ్మ ఉసురు నాకు తగలాల్సిందే" అన్నాడు.

"ఆ యమ్మ మా యమ్మే" అన్నాను. "చచ్చిపోయినాయన మా నాయన."

నాకు తృప్తిగా ఉండింది. పాపమని అనిపించలేదు. ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.

మరుసటి రోజు పొద్దున ఆయన మా ఇంటికొచ్చాడు. చెప్పులు గేటు బయటే వదిలి, గడప ఇవతల నిలబడ్డాడు. అమ్మ చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"అక్కా, నేను కోర్టులో తప్పు సెప్పినా. మీ ఇంటాయన్ని సంపినోళ్లు నా మాటతో బయటపడినారు. నువ్వు మన్ను పోసింది న్యాయమే. ఇంగా పోస్తానంటే పొయ్యి" అన్నాడు.

అమ్మ కాయలు ఒలవడం ఆపలేదు. "నువ్వేం తప్పు సెప్పలేదు లేప్పా" అంది. "ఆ తుపాకి మాదే. మా అటక మీద నేను కాపరానికి రాకముందు నుంచీ పడుండె. మా అన్న తీసకపోయి వాళ్ల గడ్డివాములో పెట్టినాడు. నిజం తుపాకి దొరకల్యా, కేసు నిలబడాలంటే ఒగటి కావాల అన్యాడు. అది పేలుతుందా లేదా అని సూసుకోవాలనే తెలివి ఒగరికీ ల్యాకపాయ."

"అమ్మా!" అన్నాను. "మరి మన్నెందుకు పోసినావు?"

"ఆయన మీద పోయకుంటే మా అన్న మీద పోయాల. అన్నను పోగొట్టుకుంటే మిమ్మల్ని ఎవురు సాకుతారే? ఈయప్పెవురో, మనకేం గావాల అనుకుంటి."

మా నాన్నను చంపినవాళ్లు ఆర్మరర్ మాటతో బయటపడలేదు. మా మేనమామ తెలివితక్కువ అబద్ధంతో బయటపడ్డారు. ముప్పై ఆరేళ్లుగా ఆ సంగతి తెలిసే మా అమ్మ ఆ కిటికీ మూసుకుని కూర్చుంది. ఆయన "సరేలేక్కా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ అటక తుపాకికి రెండో రంధ్రం సంగతి ఏమిటని నన్ను అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం వెళ్లకూడదనుకున్నాను. మనవరాలిని పంపించాడు. వెళితే పుస్తకం అదే పేజీలో తెరిచి పెట్టి ఉంది.

"పోయిన వారం ఎండ నీ కండ్లకు కొట్టినట్టుండాది టీచరమ్మా. ఇంగొగసారి సదువు."

చదివాను. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. ఆయన తలూపి, "ఊఁ. పేజీ తిప్పు" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. నిలబెట్టి అడుగుతానన్న మనిషి అడగలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను రెండు తిట్టి, ఏడ్చి, లెక్క సరిపోయిందనుకునేదాన్ని. ఆయనంటే నాకు ఇప్పుడూ కోపమే, ఇందుకే.

ఊర్లో అందరికీ నిజం చెప్తానని ఒకసారి అన్నాను. "మీ మామ కొడుకులు ఊరుకోరు. నువ్వీడ బతకాల. నాకు అలవాటైపోయింది" అన్నాడు. ఆయన అలా అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ పేరు చెప్పుకున్నాను. రెండేళ్ల కిందట అమ్మ పోయింది. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏ పేరూ లేదు. అయినా నోరు తెరవలేదు.

మూడో నాడు జియారత్ ప్రార్థనలకు వాళ్లింటి ముందు షామియానా వేశారు. ఆడవాళ్లం లోపల కూర్చున్నాం. ఆ రోజే పులివెందుల నుంచి మా మేనమామ పెద్దకొడుకు, పెళ్లి బంగారం కొనడానికి ప్రొద్దుటూరు వచ్చి, నాకోసం వెతుక్కుంటూ అక్కడికొచ్చాడు. మర్యాదకు కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగుతూ పక్కవాళ్లతో అన్నాడు. "మనిసి మంచోడేలే. మా మామ కేసులో మాత్రం అమ్ముడుబోయినాడు."

చావింట్లో, ఆ ఇంటి టీ తాగుతూ. లోపల ఆయన కూతురు తల వంచుకుంది. ఆ వంచడం చూస్తే తెలుస్తుంది, చిన్నప్పటి నుంచీ అలవాటైన వంచడం.

నేను లేచి బయట మెట్ల మీదికొచ్చాను.

"బావా, ఆ తుపాకి మా అటక మీదిది. గడ్డివాములో పెట్టింది మీ నాయన. ఈయప్ప అమ్ముడుబోలేదు. నిజం సెప్పినాడు. మా అమ్మే నాతో సెప్పింది."

బావ టీ గ్లాసు కుర్చీ కింద పెట్టాడు. "నీకు మతి సెడింది" అన్నాడు. "ఇంగ మా గడప తొక్కొద్దు" అని కారెక్కాడు.

ఆయన కూతురు ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది. నాకు దండం పెడుతుందని, కౌగిలించుకుని ఏడుస్తుందని అనుకున్నానేమో.

"ఇన్నాళ్లు యాడ పెట్టుకోనుండావు టీచరక్కా ఈ మాట?" అంది. "నాలుగు దినాల ముందర ఇట్లే నలుగుర్లో సెప్పింటే మా అబ్బ ఇని పోతుండె గదా."

ఆమె లోపలికెళ్లి ఆ పుస్తకం మోసుకొచ్చింది. ఆ పేజీ ఏదో ఆమెకు తెలుసు. ఆయన ఆమెకు చెప్పాడన్నమాట, నా అబద్ధంతో సహా. మెట్టు మీద పుస్తకం తెరిచి పెట్టి పెన్ను నా చేతికిచ్చింది. ఇన్నేళ్లలో ఆ పుస్తకాల మీద గీత పడనివ్వలేదు ఆయన.

"నోటి మాటలు మా అబ్బ మీద శానా వచ్చినాయి. నువ్వు ఈడ రాయి."

బొమ్మ కింద ఖాళీలో రాశాను. ఆ తుపాకి ఎవరిదో, ఎవరు ఎక్కడ పెట్టారో, ఆర్మరర్ కోర్టులో చెప్పింది నిజమని, ఈ పేజీని నేను ఆయనకు తప్పు చదివానని. కింద సంతకం చేశాను. చేతులు కడుక్కోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అంత నున్నటి కాగితం మీద సిరా ఒక పట్టాన ఆరదు. మూస్తే అంటుకుంటుందని ఆమె పుస్తకాన్ని తెరిచే, రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుని షామియానా కిందికి నడిచింది. కుర్చీల్లోని మగవాళ్లు ఒక్కొక్కరే లేచి, వంగి చదివి, పక్కకు తప్పుకుంటున్నారు. పుస్తకం బరువుకు ఆమె మోచేతులు కిందికి దిగిపోతున్నాయి. కాసేపు పట్టుకుందామని నేను చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు.