పెళ్లి అని చెప్పిన ప్రయాణం

చిన్న విమానాలు అద్దెకిచ్చే కంపెనీలో నాది టైములు చూసే పని. ఏ విమానం ఎప్పుడు లేవాలో, దానికి ఏ అనుమతులు కావాలో చూసి పంపిస్తాను. ధూల్‌పేట్‌లో మా గల్లీవాళ్లు మాత్రం విమానాలు నేనే నడుపుతానని అనుకుంటారు. సెలవు రోజైనా ఫోనూ లాప్‌టాపూ పక్కన పెట్టడానికి లేదు.

ఆ వానాకాలపు ఆదివారం పొద్దున్నే ఒకాయన చెన్నైకి విమానం మాట్లాడుకున్నాడు. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణం, లాడ్ బజార్ వెనక సందులో ఇల్లు. ఆయన, భార్య, తల్లి పెళ్లికి పోవాలి, ఎంత తొందరైతే అంత తొందరగా. సరేనని విమానాల రాకపోకలు చూసే కంట్రోల్‌వాళ్లకు ఫ్లైట్ ప్లాన్ పంపాను. కాసేపటికే జవాబొచ్చింది. చెన్నైలో వాన, దిగాల్సిన విమానాలు బారులు తీరాయి, మాది మధ్యాహ్నం దాటాకే లేవాలి.

దీన్ని బయటివాళ్లకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు. దిగేచోట ఇరుకైతే విమానాలను గాల్లో తిప్పుతూ కూర్చోరు. లేచేచోటే ఆపి, ఒక్కోదానికి ఒక్కో టైము ఇస్తారు. దాన్నే స్లాట్ అంటాం. కిక్కిరిసిన పెద్ద విమానమైనా, ముగ్గురి కోసం మాట్లాడుకున్న చిన్న విమానమైనా వరస ఒక్కటే. డబ్బుంటే కొండమీది కోతి కూడా దిగివస్తుందంటారు గానీ స్లాట్ దిగిరాదు.

ఇక ఆయన ఫోన్ మీద ఫోన్. మొదట బతిమాలాడు. తర్వాత మీ పైవాళ్లెవరన్నాడు. ఆఖరికి, విమానం మొత్తం నాదైనప్పుడు లైన్లో నిలబడే ఖర్మ నాకేమిటని అరిచాడు. నాకూ తిక్క రేగింది. మొదటి బంతి తప్పితే రెండో బంతిలో తినండి సార్, పెళ్లి భోజనం ఎక్కడికీ పోదు అనేశాను. ఆయన జర చూడండి మేడమ్ అని మెల్లగా అని పెట్టేశాడు.

అరిచే మనిషి అలా మెత్తబడేసరికి నాకు కాలు నిలవలేదు. కూర్చున్నాను, లేచాను, స్క్రీన్ చూశాను. స్లాట్ ఇంకా వెనక్కి పోయింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. పెళ్లికి ఇంత ఆత్రం పెళ్లికొడుక్కి కూడా ఉండదు కదా! ఏదైతే అదైందని, మొహం మీదే అడిగేద్దామని ఆటో ఎక్కాను. ఆదివారం ఆ బజారులో ఆటో కదిలితే గదా. మధ్యలోనే దిగి, గాజుల దుకాణాలవాళ్ల పిలుపులన్నీ దాటుకుంటూ జనాన్ని తోసుకొని నడిచాను.

తలుపు తీసే ఉంది. లోపల దీవాన్ మీద ఆయన భార్య పడుకుని ఉంది, నా ఈడుదే. పట్టుచీర కట్టారు, తలలో పూలు పెట్టారు. కళ్లు మాత్రం పసుపు పూసినట్టున్నాయి, పొట్ట ఉబ్బిపోయింది.

"గిదేంది సార్, పేషెంటని ఒక్క మాట చెప్పలే?" అన్నాను.

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె నన్ను కూర్చోమని, గొంతు తగ్గించి చెప్పింది. "గడప దాటకముందు దవాఖాన పేరెత్తొద్దు బిడ్డా. శుభానికి పోతున్నమంటేనే శుభమైతది."

నాకు తెలియని పద్ధతి కాదు. మా నాన్నను ఆస్పత్రికి తీసుకుపోతూ మా అమ్మ గల్లీ అంతటికీ గుట్టకు, దేవుడి దర్శనానికి పోతున్నామనే చెప్పింది.

దీవాన్ మీది మనిషే నోరు విప్పింది. "అక్కా, లివర్ దొరికిందంట. పొద్దుమీకేలోపల మేం చేరకుంటే ఇంకొకరికి పెడ్తరట."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ఆ వరస వర్తించదు. ఫ్లైట్ ప్లాన్‌లో రోగి ఉన్నట్టు రాసి, ఆస్పత్రి చీటీ జతచేస్తే వదిలేస్తారు. అడగందే అమ్మైనా పెట్టదు, వీళ్లేమో అడగాల్సింది అడగకుండా పొద్దుటినుంచి నామీద అరుస్తున్నారు. పెద్దామె అని కూడా చూడకుండా నాలుగు మాటలన్నాను. మెట్ల మీదే లాప్‌టాప్ తెరిచి, చెన్నై డాక్టర్ల చీటీ తెప్పించి, ప్లాన్ మళ్లీ పంపాను. ఆమె నా వెనకే నిలబడి, ఏమన్నరు బిడ్డా, ఏమన్నరు అని అడుగుతూనే ఉంది. చివరికి పొమ్మన్నారు. మాకోసం ఎవరినో వెనక్కి జరిపే ఉంటారు, అది మాకు కనపడదు. దుకాణంలో పనివాళ్లు ముందు నడిచి బండ్లను పక్కకు తప్పిస్తుంటే కారు సందు దాటింది.

మర్నాడు ఆ పెద్దామె ఫోన్ చేసింది. ఆపరేషన్ అయింది, కోడలు ఇంకా కళ్లు తెరవలేదు, డాక్టర్లు ఫికర్ లేదంటున్నారు అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆమె ఫోన్ పెట్టలేదు.

వీళ్లు టైముకు రాకపోతే ఆ లివర్ పెడదామని ఇంకొక పిల్లను కూడా పిలిపించి కూర్చోబెట్టారట. ఆస్పత్రి బట్టలు కూడా తొడిగారట. వీళ్లు చేరగానే ఆ పిల్లను ఇంటికి పొమ్మన్నారట.

"ఆ పిల్ల మళ్లీ తన చీర కట్టుకొని వచ్చి, నా కోడలి చెయ్యి పట్టుకున్నది బిడ్డా. వాళ్ల భాష నాకు రాదు. ఏమో అన్నది, పోయింది. నేను ఆ పిల్లకు ఏమనాల్సి ఉండె?"

ఆమె ఫోన్ పట్టుకునే ఉంది, నేనూ పట్టుకునే ఉన్నాను.